ముప్పై ఎనిమిదో పేరా

యాసెన్‌దో, 4 మార్చి 2006

అమ్మలూ నిహాదా,

ఒంట్లో ఎలా ఉందో ముందు రాయకపోతే నువ్వు కంగారు పడతావు కాబట్టి రాస్తున్నా. చలికి నా మోకాళ్ళు అరుస్తున్నాయి, మీ అత్త నా మీద అరుస్తోంది. రెండూ పాతవే. నువ్వు అక్కడ వేళకి తింటున్నావో లేదో మాకు తెలీదు, తింటున్నావనే అనుకుంటున్నాం.

ఇక అసలు సంగతి. మొన్న సరాయెవో రేడియోలో చెప్పారు, మనవాళ్ళని చంపించిన కల్నల్ మీద హేగ్‌లో కేసు ఈ వేసవిలో మొదలవుతుందట. నేను వింటూ ఉన్నవాణ్ని లేచి బయటికొచ్చి, మళ్ళీ లోపలికెళ్ళి, మళ్ళీ బయటికొచ్చాను. మీ అత్త హైరా చూసి, "ఏమయ్యా, కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటి" అంది. చెప్పాను. పొయ్యి దగ్గరే కూర్చుండిపోయింది పాపం.

ఊళ్ళో ఇప్పుడు ఇదే మాట. యుద్ధం అయ్యాక తిరిగొచ్చింది పదకొండు కుటుంబాలే అయినా నోళ్ళు మాత్రం వందున్నాయి. అభియోగపత్రంలో మన ఊరిది ముప్పై ఎనిమిదో పేరా అని పసిపిల్లలకి కూడా తెలుసు. "యాసెన్‌దో, 1992 జూన్ 14, సహకార సంఘం గోదాము, ముప్పై ఒక్కమంది పురుషులు." అంతే, ఒక్క వాక్యం. తీమాకి చదవడం రాదు. ఒకే రోజు మొగుణ్ణీ ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకున్న మనిషి. ఆ కాయితం మాత్రం మడతపెట్టి అద్దాల బీరువాలో దాచుకుంది, ఎవరొచ్చినా తీసి, "ఇదిగో, మావాళ్ళు ఇక్కడున్నారు" అని వేలు పెట్టి చూపిస్తుంది. అవతలి ఊరిది నలభై రెండు. సంతలో ఆ ఊరి ఇద్రిజ్ కలిస్తే "ఏమోయ్ నలభై రెండూ" అంటాను, వాడు "చెప్పు బావా ముప్పై ఎనిమిదీ" అంటాడు. నవ్వుకుంటాం. నవ్వక ఏం చేస్తాం.

నేను కోటు కుట్టించుకున్నాను. బూడిద రంగుది. మీ అత్త, "ఈ వయసులో పెళ్ళికొడుకు వేషమేంటి" అని ఎగతాళి. ఎగతాళి చేస్తూనే గుండీలు అన్నీ ఊడదీసి మళ్ళీ గట్టిగా కుట్టింది. సాక్షి అంటే నేనొక్కణ్ణే కదా. ఆడవాళ్ళని ముందురోజే బస్సులెక్కించి పంపేశారు. మగవాళ్ళలో మిగిలింది నేను. నేను కూడా తేనెపెట్టెల కోసం కొండ మీద ఉండబట్టి మిగిలాను. కళ్ళు మసకేస్తున్నాయి, గుండె డాక్టరు ఏదేదో చెప్తున్నాడు, కాబట్టి త్వరగా పిలిస్తే మంచిది.

ప్రాసిక్యూటర్ గారు ఏ ప్రకటన ఇచ్చినా దాన్ని మన భాషలో పెట్టేది మా మేనకోడలే అని అందరికీ చెప్పాను. గొప్పలు పోతున్నానని తిట్టుకోకు. ఉంది కాబట్టే పోతున్నాను.

మీ మామయ్య రగీబ్


హేగ్, 2 ఏప్రిల్ 2006

మామయ్యా,

తింటున్నాను. ఇక్కడివాళ్ళు మధ్యాహ్నం చల్లటి రొట్టె మధ్యలో చల్లటి జున్నుముక్క పెట్టుకుని అదే భోజనం అంటారు. అత్త చూస్తే వీళ్ళ కోసం కన్నీళ్ళు పెట్టుకుంటుంది. గాలి మాత్రం సముద్రం మీంచి వచ్చి నేరుగా మనిషి ఎముకల్లోకి పోతుంది. నిన్న సైకిల్ మీంచి పడ్డాను, ఏమీ కాలేదు, పక్కన పోతున్న ముసలావిడ దిగి నన్ను లేపి, నా సైకిల్‌కి గంట సరిగ్గా లేదని మందలించి వెళ్ళింది.

నీ కోటు సంగతి చదివి నవ్వాను, తర్వాత ఏడ్చాను. అమ్మ ఉంటే ఎంత సంబరపడేదో. అన్నయ్య కోటు వేసుకుంటే అచ్చం మాస్టారులా ఉంటాడు అనేది.

నా పని గురించి ఊళ్ళో మరీ పెద్దగా చెప్పకు. ప్రకటన ఇంగ్లీషులో పన్నెండింటికి నా బల్ల మీదికి వస్తుంది, మూడింటికల్లా మన భాషలో వెళ్ళిపోవాలి. దానికి ముందు లాయర్లు నలుగురు కూర్చుని ఒక్కో మాటా తూకం వేస్తారు. మొన్న "బాధ కలిగింది" అనాలా "తీవ్ర విచారం కలిగింది" అనాలా అని గంటసేపు కొట్టుకున్నారు. జాతిహననం అన్న మాట ఉన్న వాక్యాన్నయితే ఏడుసార్లు తిప్పి రాస్తారు, ఎందుకంటే రేపు ఆ ప్రతి మాటనీ అవతలి లాయరు పట్టుకుంటాడు. అందుకే అది రేడియోలో వినేసరికి రాయిలా ఉంటుంది. వాళ్ళకి మనసు లేదనుకోకు. నేను చూస్తున్నాను, ఉంది.

కేసు గురించి నేనేమీ రాయకూడదు. సంతకం పెట్టాను. కానీ ఒకటి చెప్తాను, మొదటిరోజు ప్రకటన నా చేతికే వస్తుంది. మన ఊరి పేరు నా చేతుల మీదుగా వెళ్తుంది. అక్షరం కూడా పొల్లుపోనివ్వను, సరేనా.

అత్తకి నా ముద్దులు.

నీ నిహాద


యాసెన్‌దో, 7 మే 2006

అమ్మలూ,

నీ ఉత్తరం తీమా ఇంట్లో చదివాను, అందరూ ఉన్నారు. "అక్షరం కూడా పొల్లుపోనివ్వను" అన్న చోట మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. తీమా, "అయితే ఆ కోర్టు మన రగీబ్ మేనకోడలి నోటితో మాట్లాడుతుందన్నమాట" అంది. నాకు ఒళ్ళు పొంగింది, అబద్ధం ఎందుకు.

కేసు మొదలయ్యే రోజున అందరం తీమా వరండాలో రేడియో పెట్టుకుని కూర్చుందామని అనుకున్నాం. టూజ్లాలో ఉన్నవాళ్ళు కూడా వస్తామన్నారు. ఆస్ట్రియా నుంచి తీమా మరిది కొడుకు సెలవు పెట్టుకుని మరీ వస్తున్నాడు. నీకో చిన్న పని. ప్రాసిక్యూటర్ గారు ఊళ్ళ పేర్లు చదివేటప్పుడు మనది మొదట్లో ఉంటే బాగుండు. ముందే పేరొస్తే ముసలాళ్ళు స్థిమితంగా తక్కినది వింటారు. నీ చేతిలో పనేగా.

సాక్షుల ఆఫీసుకి ఫోన్ చేశాను. వేచి ఉండండి అన్నారు. పద్నాలుగేళ్ళుగా చేస్తున్నది అదేనమ్మా అన్నాను. ఆ పిల్ల పాపం నా నంబరు మళ్ళీ రాసుకుంది.

ఇంకో మాట, ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి. మీ అత్త కూడా హేగ్ వస్తానంటోంది. వద్దన్నాను. సాక్షి భార్యని లోపలికి రానివ్వరు, రూలు అని చెప్పాను. ఎప్పుడైనా నిన్నడిగితే అవుననే చెప్పు. నేను ఒక్కణ్ణే రావాలి, నిహాదా. ఆ గదిలో ఆమె ఉండకూడదు. ఎందుకని అడక్కు.

ఆలుబుఖారా పూత బాగా పట్టింది. మంచు పడకపోతే ఈ ఏడు కొమ్మలకి ఊతకర్రలు పెట్టాలి.

మామయ్య


హేగ్, 28 మే 2006

మామయ్యా,

తొందరలో రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

అలాంటి రూలేమీ లేదు. అత్త అడిగితే నేను అబద్ధం చెప్పలేను. ఇన్నాళ్ళూ కొడుకు కోసం ఏడ్చింది ఆవిడ కూడా కదా. ఆడవాళ్ళు వినలేరని మగవాళ్ళు ముందే తీర్మానించెయ్యడం నాకెప్పుడూ నచ్చదు, నీకు తెలుసు.

ఊళ్ళో ఇంకెవరికీ ఏమీ చెప్పకు. రేడియో దగ్గర అంతమందిని పోగు చెయ్యకు. ఆస్ట్రియా నుంచి ఎవరినీ రప్పించకు. ఎందుకని నువ్వూ నన్నడక్కు.

నిహాద


యాసెన్‌దో, 22 జూన్ 2006

నిహాదా,

ఈసారి అమ్మలూ అని రాయబుద్ధి కావడం లేదు.

పొద్దున్నుంచే తీమా వరండా నిండిపోయింది. కుర్చీలు చాలక నీళ్ళ డబ్బాలు బోర్లించి కూర్చున్నారు. ఆడవాళ్ళు కొత్త తలగుడ్డలు కట్టుకొచ్చారు. నేను కోటు వేసుకున్నాను, ఎండ మండిపోతున్నా విప్పలేదు. ప్రాసిక్యూటర్ గారి ప్రకటన అన్నారు. ఏడు ఊళ్ళ పేర్లు చదివారు. నలభై రెండు వచ్చింది. నలభై నాలుగు వచ్చింది. మనది రాలేదు. తర్వాత న్యాయం, సహనం, బాధితుల ధైర్యం అని ఏదో వచ్చింది, ఆ తర్వాత వాతావరణం.

తీమా లేచి వెళ్ళి రేడియోని చేత్తో తట్టింది. "ఇంకా ఉందేమో, ఆగండి" అంది.

అప్పుడు అందరి మొహాలూ నావైపు తిరిగాయి. ఏం చెప్పమంటావు నన్ను. కోర్టు మనల్ని వదిలేసిందని చెప్పనా. చెప్పలేకపోయాను. "కోర్టు తప్పేమీ లేదు, మా పిల్లే కంగార్లో ఒక లైను దాటేసి ఉంటుంది" అన్నాను. చిన్నప్పుడు జర్మనీ నుంచి మీ నాన్న రాసిన ఉత్తరాలు మాకు చదివి వినిపిస్తూ నీకు నచ్చని లైన్లు దాటేసేదానివి, గుర్తుందా. అదే చెప్పాను. "రాస్తాను, దిద్దుతుంది, రేపు మళ్ళీ చదువుతారు" అన్నాను. మూడు రోజులైంది, ఎవరూ మళ్ళీ చదవలేదు.

తీమా నిన్న మా గుమ్మంలోకి వచ్చి లోపలికి రాకుండానే, "మావాళ్ళు ముగ్గురూ మీ పిల్లకి బరువైపోయారా రగీబ్" అని అడిగి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో ఆమె మా ఇంట్లో కాఫీ తాక్కుండా వెళ్ళడం ఇదే మొదటిసారి.

ఎవరినీ పోగు చెయ్యొద్దని రాశావు. అంటే నీకు ముందే తెలుసన్నమాట, నీకేదో సిగ్గుగా ఉందన్నమాట. అక్కడి గాలి తగిలి ఇక్కడివాళ్ళం మోటుగా కనిపిస్తున్నామా. అక్షరం పొల్లుపోనివ్వనన్నావు. ముప్పై ఒక్కమందిని పోనిచ్చావు.

దిద్దు. దిద్దానని రాస్తే అప్పుడు అమ్మలూ అని పిలుస్తాను.

రగీబ్


హేగ్, 3 జూలై 2006

మామయ్యా,

నేను లైను దాటెయ్యలేదు.

ఇంగ్లీషులో ఏడు పేర్లే వచ్చాయి. ఏడే పెట్టాను. ఎనిమిదోది పెడదామని చెయ్యి వెళ్ళింది. పెట్టి, ఒక నిమిషం చూసుకుని, తీసేశాను. ప్రాసిక్యూటర్ అననిది అన్నట్టు నేను రాస్తే రేపు ఆ కేసు మొత్తాన్నీ అబద్ధాల కేసు అంటారు. మిగిలిన ఏడు ఊళ్ళవాళ్ళూ మునిగిపోతారు.

ఇప్పుడు రాసేది నేను రాయకూడనిది. తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. అయినా రాస్తాను, ఎందుకంటే నువ్వు నా మీద వేసిన నింద మొయ్యడం నాకు చేతకావడం లేదు.

కల్నల్‌కి జబ్బుగా ఉంది. కేసు ఏళ్ళ తరబడి సాగితే తీర్పు రాకుండానే పోతాడు. అందుకని జడ్జీలు అభియోగపత్రంలో మూడో వంతు తగ్గించమన్నారు. తగ్గించింది ద్వేషంతో కాదు మామయ్యా, గట్టిగా నిలబడేవాటిని నిలబెడదామని. ఒక్కో పేరాకీ ఎంతమంది సాక్షులు, ఏం కాయితాలు, ఎంత దూరం నుంచి చూశారు అని పట్టిక వేసుకున్నారు. ఆ పట్టిక తర్జుమాకి నా దగ్గరికే వచ్చింది, మే నెల మధ్యలో. ముప్పై ఎనిమిదికి ఎదురుగా రాసి ఉంది: ఒకే సాక్షి, కొండ మీద తేనెపెట్టెల దగ్గర, ఆరువందల మీటర్లు, ముఖం గుర్తుపట్టడం నమ్మదగినది కాదు. వాళ్ళు వచ్చి టేపు పట్టి కొలిచారట కదా.

అది చదివిన రోజు నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నీకు చెప్పడానికి లేదు.

నువ్వు మాత్రం నిన్ను నువ్వు తిట్టుకోకు. అంత దూరంలో ఉండి కొడుకుని కాపాడుకోగలిగేవాడివా, గుర్తుపట్టగలిగేవాడివా. దూరంగా ఉండటం నీ తప్పు కాదు. చూసినంతా చెప్పావు, నిజం చెప్పావు. ఇంతకంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు.

తీమాకి నిజం చెప్పు, నన్ను కాయడానికి కాదు, ఆవిడకి తెలియాలి కాబట్టి. ఆ పట్టిక సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు.

నిహాద


కొండ మీద, తేనెపెట్టెల దగ్గర, 20 జూలై 2006

అమ్మలూ,

ముందు నన్ను క్షమించు. నలుగురిలో నీ పేరు పాడుచేశాను. తీమా ఇంటికి వెళ్ళి, తప్పు మా పిల్లది కాదని చెప్పాను. విని తల ఊపింది. కాయితం ఇంకా బీరువాలోనే ఉంది.

నీ ఉత్తరం పోస్టువాడు హైరా చేతికే ఇచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని నాకు తనే చదివి వినిపించింది. చదవడం అయ్యాక నా భుజం మీద చెయ్యి వేసి, "పిల్ల చెప్పింది నిజమే. అంత దూరం నుంచి ఎవరు మాత్రం చూడగలరు. నీ తప్పేముంది" అంది. ఇద్దరూ కలిసి నన్ను ఓదార్చారు. దాంతో నాకు ఇంట్లో ఊపిరాడక ఇక్కడికొచ్చి రాస్తున్నాను.

ఆరువందల మీటర్లు కాదు నిహాదా. ఇరవై అడుగులు.

నేను ఆరోజు కొండెక్కలేదు. ఆదివారం. నేనూ నెజాదూ ఇంట్లోనే ఉన్నాం. బండ్ల చప్పుడు వినగానే నేను పశువుల కొట్టం అటక మీద గడ్డిలోకి దూరాను. వాడిని కూడా రమ్మన్నాను. "ఇంట్లో ఎవరూ లేకపోతే వెతుకుతారు నాన్నా, నువ్వుండు" అన్నాడు. పందొమ్మిదేళ్ళవాడు. మన కొట్టానికి ఎదురుగానే గోదాము. పలకల సందులోంచి అంతా కనిపించింది. అందరినీ వరసగా నిలబెట్టారు. కల్నల్ చేతిలో జాబితా ఉంది. బొటనవేలు నాలికకి రాసుకుని కాయితం తిప్పేవాడు. టోపీ తీసి నెత్తి తుడుచుకున్నాడు, నెత్తికి ఒక పక్కన చిన్న మచ్చ ఉంది. ముఖం గుర్తుపట్టడమా. నేను చచ్చేదాకా ఆ ముఖం తప్ప ఇంకేదీ గుర్తుండదు.

నా పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. నెజాద్ అన్నాడు, "మా నాన్న లేడు. పొద్దున్నే తేనెపెట్టెలు చూసుకోడానికి కొండెక్కాడు. సాయంత్రం గానీ రాడు." అని. చాలా మామూలుగా అన్నాడు, పక్కింటివాళ్ళు నా కోసం వస్తే చెప్పినట్టు. కల్నల్ ఏదో గీసుకున్నాడు. తర్వాత గోదాము లోపలికి నడిపించారు. తక్కినది నీకు తెలుసు.

నేను దిగలేదు. చెప్పాల్సింది అదే. దిగలేదు. గడ్డి నోట్లో కుక్కుకుని అలాగే పడున్నాను. రెండు రోజులున్నాను.

నేను టూజ్లా చేరాక హైరా పరిగెత్తుకొచ్చింది. వాళ్ళక్కకి ఆపరేషనని పది రోజుల ముందు వెళ్ళి అక్కడే చిక్కుకుపోయింది కదా. "నువ్వెలా బతికావు, పిల్లాడేడి" అని అడిగింది. నా నోట్లోంచి వాడి మాటే వచ్చింది. కొండ మీద ఉన్నాను, తేనెపెట్టెల దగ్గర. అప్పటినుంచి అదే.

ఐదేళ్ళ క్రితం ఆ పొడుగాయన, విచారణ చేసేవాడు, మనింటికొచ్చాడు. ఆఫీసుకి రమ్మన్నాడు మొదట. మనింటికొచ్చినవాణ్ని వాకిట్లోంచి పంపేస్తామా. వంటింట్లో కూర్చోబెట్టాం. హైరా పక్కనే ఉండి కాఫీ పోస్తోంది, ఎగుడుదిగుడు లేకుండా కప్పులు నింపుతోంది, ప్రతి మాటా వింటోంది. "మీరెక్కడున్నారు" అని అడిగాడు. ఆమె ముందు ఏం చెప్పను. కొండ మీద అన్నాను. రాసుకున్నాడు. తర్వాత టేపు పట్టుకుని కొలిచాడు, అవతలి కొస నేనే పట్టుకున్నాను.

కోర్టులో నిజం చెప్దామనుకున్నాను. అందుకే హైరా రాకూడదన్నాను. పరాయివాళ్ళ ముందు, ప్రమాణం చేసి, ఒక్కసారి చెప్పేసి, తర్వాత ఏమైనా సరే అనుకున్నాను. నా కొడుకు చెప్పిన అబద్ధం నన్ను బతికించింది. నేను చెప్పిన అదే అబద్ధం ముప్పై ఒక్కమందిని ఆ కాయితంలోంచి కొట్టేసింది.

ఇంకా ఆలస్యం కాలేదేమో. ఈ ఉత్తరం ఇంగ్లీషులో పెట్టి వాళ్ళకివ్వు. ప్రాసిక్యూటర్ గారి మాటలు ఎలా పెడతావో అలా పెట్టు, ఏడుసార్లు తిప్పి రాసినా సరే. ఇరవై అడుగులు అని మాత్రం స్పష్టంగా ఉండాలి.

మామయ్య


హేగ్, 1 సెప్టెంబర్ 2006

మామయ్యా,

ఆలస్యానికి కారణం నాకు ధైర్యం లేకపోవడమే.

నీ ఉత్తరం తర్జుమా చేసి ఇచ్చాను. నెజాద్ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను, ఎందుకంటే వాడి గొంతు నాకింకా గుర్తుంది. ఇరవై అడుగులు స్పష్టంగానే పెట్టాను.

పెద్ద లాయరు రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. జడ్జీలు సంతకం పెట్టేశారు, పేరా తిరిగి చేర్చడం కుదరదు అన్నాడు. కుదిరినా, ఒకసారి ఆరువందల మీటర్లని, ఒకసారి ఇరవై అడుగులని చెప్పిన సాక్షిని అవతలి లాయరు గంటసేపు కూడా నిలబడనివ్వడని చెప్పాడు. ఆ గదిలో నిన్ను వాళ్ళు అబద్ధాలకోరు అంటుంటే నేను వినగలనా అని నన్నే అడిగాడు. వినలేనన్నాను.

పట్టిక సంగతి నీకెలా తెలిసిందని కూడా అడిగారు. చెప్పాను. డిసెంబర్ దాకా జీతమిచ్చి పంపేస్తారు. దీని గురించి నువ్వు బాధపడొద్దు, నాకు కోపం కూడా లేదు, సంతకం పెట్టి మాట తప్పింది నేనే.

వెళ్ళే ముందు ఇంకో ప్రకటన నా చేతికొచ్చింది. వదిలేసిన ఊళ్ళవాళ్ళు ఉత్తరాలు రాస్తున్నారని ప్రాసిక్యూటర్ వాళ్ళకి జవాబిచ్చారు. అందులో ఒక వాక్యం ఉంది: "అభియోగపత్రంలో లేనంత మాత్రాన జరిగింది జరగకుండా పోదు, ఆ ఊళ్ళని మేము మరిచిపోలేదు." మంచి వాక్యమే. ఆ మాట నిజంగానే అన్నారు, రాస్తున్నప్పుడు నేను చూశాను. నాకు మాత్రం దాన్ని మన భాషలో పెట్టడానికి మధ్యాహ్నమంతా పట్టింది. రేడియోలో వస్తే తీమాకి వినిపించు. వద్దనిపిస్తే వద్దు.

అత్తకి చెప్పాలో లేదో నీ ఇష్టం. నన్నడిగితే చెప్పొద్దంటాను. కోర్టు ఎలాగూ వినదు. ఇన్నేళ్ళ తర్వాత ఆవిడని మళ్ళీ ఆ గోదాము ముందు నిలబెట్టడం ఎందుకు. నువ్వు దిగనందుకు నీకు నేను శిక్ష వెయ్యను. వాడు దిగమని అనలేదు కదా.

నీ నిహాద


యాసెన్‌దో, 24 సెప్టెంబర్ 2006

అమ్మలూ,

నీ ఉద్యోగం నా వల్ల పోయింది. దానికి నేనేం రాసినా తక్కువే, అందుకే రాయను.

హైరాకి చెప్పేశాను. నువ్వు వద్దన్నావు, నిజమే. కానీ నీ ఉత్తరం కూడా తనే తెచ్చి ఇచ్చింది, ఏం రాసిందని అడిగింది. ఈసారి నేనే చదివాను. పైకి చదువుతూ నేను కూడా లైన్లు దాటెయ్యాల్సి వచ్చింది. మూడో లైను దాటేసరికి ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టాను. అప్పుడు చెప్పాను.

పొయ్యి మీద మిరపకాయలు కాలుస్తోంది, చలికాలానికి పచ్చడి పెట్టడానికి. నేను చెప్తున్నంతసేపూ వాటిని తిప్పలేదు. మాడిపోయాయి. ఇల్లంతా పొగ. నేను దగ్గుతూ చెప్పాను, ఆమె కదలకుండా వింది.

నువ్వెందుకు దిగలేదు అని అడుగుతుందనుకున్నాను. పద్నాలుగేళ్ళుగా ఆ ఒక్క ప్రశ్నకి జవాబు తయారు చేసుకుంటున్నాను. భయమేసింది అని చెప్దామనుకున్నాను. నిన్ను ఒంటరిదాన్ని చెయ్యలేక అని చెప్దామనుకున్నాను. చచ్చిపోయి ఉంటే బాగుండేదని చెప్దామనుకున్నాను. ఆమె అది అడగలేదు.

"వాడేమన్నాడో మళ్ళీ చెప్పు" అంది.

చెప్పాను.

"అదే మాటా, నువ్వేమైనా కలిపావా?"

కలపలేదన్నాను. మళ్ళీ చెప్పమంది. మూడుసార్లు చెప్పించుకుంది. మూడోసారి నాతోపాటు ఆమె పెదవులు కూడా కదిలాయి. గొంతు వణికిందా అని అడిగింది. లేదన్నాను. నీవైపు చూశాడా అని అడిగింది. ఒక్కసారి కూడా చూడలేదన్నాను. "చూడడు. చూస్తే తెలిసిపోతుంది కదా. తెలివైన పిల్లాడు" అంది.

తర్వాత లేచి కిటికీ తెరిచింది. పొగ పోయేదాకా నిలబడింది. అటు తిరిగే అంది, "ఏడుస్తూ పోయాడేమో, నన్ను పిలిచాడేమో అని పద్నాలుగేళ్ళు ఏడ్చాను. రోజూ నా పక్కనే పడుకున్నావు. వాడి ఆఖరి మాట నీ దగ్గరే ఉంది."

నాకు ధైర్యం చాల్లేదని చెప్పాను. కోర్టులో చెప్దామని దాచుకున్నానన్నాను.

అప్పుడు నావైపు తిరిగింది. గట్టిగా అరవలేదు. "వాణ్ని కన్నది జడ్జీలా? నా కొడుకు మాట నాకంటే ముందు వాళ్ళకివ్వాలా?" అని అడిగింది.

మర్నాడు పొద్దున టూజ్లా బస్సెక్కింది, వాళ్ళక్క ఇంటికి. వారమైంది. ఫోన్ చేస్తే వాళ్ళక్క తీసి, బాగానే ఉంది, తింటోంది, మాట్లాడనంటోంది అని పెట్టేస్తోంది. ఒక్కతే కూర్చుని ఏదో గొణుక్కుంటూ ఉంటుందట. కొడుకు కోసం ప్రార్థన, దువా చదువుతోందేమో అని అడిగాను. దువా కాదట. "సాయంత్రం గానీ రాడు, సాయంత్రం గానీ రాడు" అంటోందట.

మాటలతో పని చేసేదానివి, ఆమె అడిగినదానికి నీకేమైనా జవాబు దొరికితే నాకు రాయకు, ఆమెకి రాయి.

మామయ్య